450 కిలోమీటర్ల కారు 150 కిలోమీటర్లకే ఎందుకు ఆగాల్సి వస్తుంది?

విద్యుత్ కారు కొన్నవారిని చూడగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎంత దూరం వెళుతుంది? వారు కొంత గర్వంగానో, కొంత తటపటాయిస్తూనో ఒక అంకె చెబుతారు. రెండు మూడు దూర ప్రయాణాలు చేసి వచ్చాక వారికి ఆ అంకె మీద ఆసక్తి తగ్గిపోతుంది. దారిలో ఫలానా చోట ఛార్జరు పనిచేస్తోందా, గన్నులు (కారుకు తగిలించే ఛార్జింగ్ పిడులు) ఎన్ని ఉన్నాయి, అది మూతపడి ఉంటే తర్వాతది ఎంత దూరం అని ఆరా తీయడం మొదలుపెడతారు. మొదటి ప్రశ్న కారు గురించి, తర్వాతివన్నీ దారి గురించి. దూర ప్రయాణం విషయంలో కారు కంటే దారే పెద్ద సంగతి అని నేను నమ్ముతాను. ఎందుకో చూపడానికి కాస్త కూడికలు, భాగహారాలు చాలు.

లెక్క కోసం ఒక మధ్యతరహా కారును ఊహించుకుందాం. బ్యాటరీ 60 యూనిట్లు. కరెంటు బిల్లులోని యూనిట్, బ్యాటరీ సామర్థ్యం చెప్పే కిలోవాట్ అవర్ ఒకటే కాబట్టి యూనిట్లలోనే మాట్లాడుకుందాం. తయారీదారు కాగితం మీద దీని రేంజి, అంటే ఒకసారి నింపితే వెళ్లే దూరం, 450 కిలోమీటర్లు. ఆ అంకె అబద్ధం అనలేం. అయితే అది కొలిచిన ప్రయాణం వేరు, మనం చేసే ప్రయాణం వేరు. రేంజిని కొలవడానికి 2017 నుంచి ఐరోపాలో అమల్లో ఉన్న డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షనే తీసుకోండి. ప్రయోగశాలలో రోలర్ల మీద కారును 30 నిమిషాలపాటు, 23 కిలోమీటర్లకు కాస్త పైగా నడిపిస్తారు. మధ్యలో వేగం 130 దాకా వెళుతుంది కానీ మొత్తం మీద సగటు గంటకు 46.5 కిలోమీటర్లే. ఆగుతూ, కదులుతూ సాగే నగర ప్రయాణం అందులో పెద్ద భాగం. పెట్రోలు కారుకు ఊళ్లో మైలేజి పడిపోతుంది, హైవే మీద పెరుగుతుంది. విద్యుత్ కారుకు ఇది తలకిందులు. ఊళ్లో వేగం తక్కువ, పైగా బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు బ్యాటరీకి తిరిగి వస్తుంది. హైవే మీద బ్రేకు వేసేదే అరుదు, గాలి మాత్రం తన సుంకం వసూలు చేస్తూనే ఉంటుంది.

ఆ సుంకం చిన్నది కాదు. గాలి ప్రతిఘటన వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 100 నుంచి 120కి వెళితే వేగం పెరిగేది 20 శాతం, గాలిని చీల్చుకుపోవడానికి ప్రతి కిలోమీటరుకు అయ్యే ఖర్చు పెరిగేది 44 శాతం. టైర్ల రాపిడి, ఏసీ వంటి మిగతా ఖర్చులు అంతగా మారవు. అన్నీ కలిపితే మన కారు 100 వేగంలో ప్రతి 100 కిలోమీటర్లకు సుమారు 16 యూనిట్లు, 120 వేగంలో 19.5 యూనిట్లు వాడుతుందనుకోవచ్చు. అంటే 450 కాస్తా 375 అయింది, ఇంకొంచెం తొందరపడితే 308 అయింది. ఎదురుగాలి గంటకు 20 కిలోమీటర్లు ఉందంటే, స్పీడోమీటరు 100 చూపిస్తున్నా గాలి లెక్కలో మనం 120లో వెళుతున్నట్టే. పైకప్పు మీద సామాను కడితే అదింకో దెబ్బ.

ఇక్కడితో అయిపోలేదు. దారిలో ఎవరూ బ్యాటరీని సున్నా దాకా తీసుకెళ్లరు, వంద దాకా నింపరు. ఛార్జరును సుమారు 10 శాతంతో చేరుకుని, 80 శాతం కాగానే బయలుదేరడం దూర ప్రయాణికుల అలవాటు. మధ్యనున్న 70 శాతం అంటే 42 యూనిట్లు. 100 వేగంలో అది 260 కిలోమీటర్లు, 120 వేగంలో 215. ఇంటి దగ్గర నిండా నింపుకుని బయలుదేరిన మొదటి అంచె ఒక్కటే దీనికంటే పొడవుగా ఉంటుంది. 450 కిలోమీటర్ల కారుకు రెండో అంచె నుంచి ఉండే అసలు రేంజి ఇదన్నమాట. ఇదైనా దారి సహకరిస్తేనే.

80 దగ్గర ఆపేయడం ఎందుకు? కుళాయి కింద బిందె పెట్టినవారికి ఇది తెలిసిందే. అడుగున ఉన్నప్పుడు ధార ఎంత పెద్దదైనా ఫరవాలేదు, అంచుకు చేరేకొద్దీ కుళాయి తగ్గించాలి, లేకపోతే నీళ్లు కింద పోతాయి. బ్యాటరీలో నీళ్లకు బదులు లిథియం అయాన్లు. ఛార్జింగ్ సమయంలో అవి గ్రాఫైట్ పొరల్లోకి చొచ్చుకుపోయి కూర్చోవాలి. పొరలు నిండుతున్నకొద్దీ చోటు వెతుక్కోవడానికి సమయం పడుతుంది. తోసుకుంటూ పంపితే లోపలికి వెళ్లలేని అయాన్లు పైనే లోహంగా పేరుకుంటాయి. అది బ్యాటరీ ఆయుష్షుకు చేటు, కొన్నిసార్లు ప్రమాదం కూడా. అందుకే కారులోని కంప్యూటరే కరెంటును తగ్గించేస్తుంది. చాలా కార్లలో 10 నుంచి 80కి పట్టినంత సమయం, ఇంచుమించుగా, మిగిలిన 20 శాతానికీ పడుతుంది. కాబట్టి ఒకసారి గంటసేపు ఆగి నిండా నింపుకోవడం కన్నా రెండుసార్లు ఇరవయ్యేసి నిమిషాలు ఆగడం మేలు. పెట్రోలు బంకు అలవాటున్నవారికి ఇది మొదట్లో మింగుడుపడదు.

చలిలో ఇదే సమస్య ముందే మొదలవుతుంది. చల్లబడిన బ్యాటరీలో అయాన్లు మందగిస్తాయి, కాబట్టి 20 శాతం దగ్గర కూడా ఛార్జింగ్ నత్తనడకే. చాలా కొత్త కార్లు దీనికి ఉపాయం కనిపెట్టాయి: మ్యాపులో ఛార్జరును గమ్యంగా పెడితే, చేరుకునేలోపు బ్యాటరీని తామే వెచ్చబరుస్తాయి. తీవ్రమైన ఎండలో దీనికి వ్యతిరేకం. వేగంగా నడిపి, వేగంగా ఛార్జింగ్ పెట్టి, మళ్లీ వేగంగా నడిపితే రోజులో మూడో ఛార్జింగ్ నాటికి బ్యాటరీ వేడెక్కి కరెంటు తీసుకోవడానికి మొరాయించవచ్చు. బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేని కార్లలో ఇది మరీ ఎక్కువ.

గన్ను మీద రాసిన అంకె

ఛార్జర్లలో రెండు జాతులున్నాయి: ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటును ఇచ్చేవి, బ్యాటరీకి కావలసిన డీసీ కరెంటును ఇచ్చేవి. ఏసీ ఛార్జరు నిజానికి ఛార్జరే కాదు, భద్రత ఉన్న ప్లగ్గు మాత్రమే. ఏసీని డీసీగా మార్చే పెట్టె కారులోనే ఉంటుంది, దాని శక్తి మామూలుగా 7 నుంచి 11 కిలోవాట్లు, అంటే గంటకు 7 నుంచి 11 యూనిట్లు. అందుకే ఏసీ గన్ను మీద 22 అని రాసి ఉన్నా, మన కారులోని పెట్టె 7 కిలోవాట్లదైతే అందేది 7 మాత్రమే. డీసీ ఛార్జరులో ఆ మార్పిడి బయటే జరిగిపోయి కరెంటు నేరుగా బ్యాటరీలోకి వెళుతుంది. దూర ప్రయాణంలో దారి మధ్యన పనికొచ్చేది ఇదొక్కటే.

డీసీ గన్ను మీది అంకె కూడా గరిష్ఠమే తప్ప హామీ కాదు. శక్తి అంటే వోల్టేజి, కరెంటుల గుణకారం. 125 ఆంపియర్లు ఇచ్చే ఛార్జరు మీద 400 వోల్టుల లెక్కన 50 కిలోవాట్లు అని రాస్తారు. మన బ్యాటరీ ఆ క్షణాన 350 వోల్టుల దగ్గర ఉంటే వచ్చేది 44 కిలోవాట్లే. బ్యాటరీ 800 వోల్టులుండే కార్లు ఇంకో తమాషా. సరైన ఛార్జరు దొరికితే 10 నుంచి 80 శాతానికి 18 నిమిషాలే పడుతుందని హ్యుందాయ్ అయానిక్ 5 గురించి తయారీదారు చెబుతుంది, దానికి 350 కిలోవాట్ల ఛార్జరు కావాలి. అటువంటి కారునే 500 వోల్టులకు మించి ఇవ్వలేని పాత ఛార్జరుకు తగిలిస్తే, లోపల వోల్టేజి పెంచుకునే ఏర్పాటును బట్టి వేగం పడిపోతుంది. అన్నిటికంటే ఎక్కువమందిని మోసం చేసేది పంపకం. రెండు గన్నులున్న 60 కిలోవాట్ల పెట్టె చాలాచోట్ల ఒక కారు ఉంటే 60, రెండో కారు రాగానే తలా 30 ఇస్తుంది. మనం టీ తాగి వచ్చేసరికి పక్కన ఒక కారు ఆగి ఉంటే, తెరమీద అంకె సగమైతే, అది యంత్రం తప్పు కాదు.

గన్నుల ఆకారాల గొడవ ఒకప్పుడు ఇంతకంటే పెద్దది. జపాన్ నుంచి వచ్చిన ఛాడెమో, ఐరోపాలో నిలదొక్కుకున్న సీసీఎస్2, చైనా వారి జీబీ/టీ, అమెరికాలో సీసీఎస్1, దానికి పోటీగా టెస్లా సొంత గన్ను. టెస్లా 2022 నవంబరులో తన నమూనాను అందరికీ తెరిచింది. 2023 మే నెలలో ఫోర్డ్ దాన్ని తీసుకుంటానని ప్రకటించగానే అక్కడి మిగతా కంపెనీలు వరస కట్టాయి. ఒక ప్రాంతంలో ఒకే ఆకారం అన్న స్థితికి ప్రపంచం నెమ్మదిగా చేరుకుంటోంది కాబట్టి ఈ చిక్కును ఇక్కడే వదిలేయవచ్చు.

నాలుగు చోట్ల ఒకటా, ఒకచోట నాలుగా?

ఛార్జర్ల లభ్యత అనగానే మ్యాపు మీద ఎన్ని చుక్కలున్నాయని చూస్తాం. చుక్కల సంఖ్య సగం కథే. ఒక గన్ను ఉన్న స్టేషన్లు నాలుగు ఉండటానికి, నాలుగు గన్నులున్న స్టేషన్ ఒకటి ఉండటానికి మధ్య ఎంత తేడా ఉందో డెన్మార్క్ గణితవేత్త అగ్నర్ ఎర్లాంగ్ వందేళ్ల క్రితమే తేల్చాడు. ఆయన లెక్కించింది కోపెన్‌హాగెన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కాల్స్ కోసం వేచి ఉండే సమయాన్ని. తొలి పత్రం 1909లో వచ్చింది. వరసలో నిలబడేది ఫోను కాలైనా, కారైనా గణితం ఒకటే.

ఒక్కో కారుకు సగటున 30 నిమిషాలు పడుతుందనీ, గన్ను రోజంతా నాలుగింట మూడు వంతుల సమయం వాడకంలో ఉంటుందనీ అనుకుందాం. కార్లు చెప్పి రావు, ఒక్కోసారి మూడు కలిసి వస్తాయి, ఒక్కోసారి గంటదాకా ఒకటీ రాదు. ఒకే గన్ను ఉన్నచోట ఎర్లాంగ్ తరహా లెక్క ప్రకారం సగటు నిరీక్షణ 90 నిమిషాలు. అదే రద్దీ, అదే వాడకం నాలుగు గన్నులున్న చోట ఉంటే నిరీక్షణ 15 నిమిషాలు. ఒక్క యంత్రాన్ని కూడా అదనంగా కొనకుండా, ఉన్నవాటిని ఒకచోట చేర్చినందుకే ఆరోవంతుకు పడిపోయింది. మ్యాపులో చుక్కలు తగ్గినా ప్రయాణం సులువైంది.

చెడిపోవడం విషయంలోనూ ఇంతే. ప్రతి గన్నూ పదిసార్లలో ఒకసారి మొరాయిస్తుందనుకుంటే, ఒంటరి గన్ను దగ్గర నిరాశ ఎదురయ్యే అవకాశం పదోవంతు. నాలుగూ వేటికవే చెడిపోయేవైతే, నాలుగూ ఒకేసారి పోయే అవకాశం పది వేలలో ఒకటి. అవి వేటికవే చెడిపోవు అన్నదే ఇక్కడి మెలిక. కరెంటు పోతే, ఇంటర్నెట్ తెగితే, చెల్లింపుల సర్వరు పడిపోతే నాలుగూ కలిసే పోతాయి. పదిలో ఒకటి అన్నది మరీ నిరాశావాదం అనిపిస్తే ఒక సర్వే సంగతి చెప్పాలి. 2022లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో పరిశోధకులు అందరికీ తెరిచి ఉన్న 657 సీసీఎస్ గన్నులను స్వయంగా వెళ్లి పరీక్షిస్తే పనిచేసినవి 72.5 శాతం. మరో 4.9 శాతం చోట్ల కేబుల్ కారును అందుకునేంత పొడవే లేదు. సాంకేతికతకు పుట్టిల్లు అనుకునే చోటే అలా ఉంటే మిగతావి ఊహించుకోవచ్చు. తెర వెలగకపోవడం, కార్డు చదవకపోవడం, కారుతో సంభాషణ కుదరక ఆగిపోవడం, గన్ను విరిగి ఉండటం వంటివే ఎక్కువ. వీటిలో చాలా వరకు యాప్‌కు తెలియవు. అక్కడికి వెళ్లి గన్ను తగిలించాక, చావు కబురు చల్లగా చెప్పినట్టు, అప్పుడు ఎర్రరంగు చూపిస్తుంది.

అపనమ్మకం తినేసే యూనిట్లు

శీర్షికలోని ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. పనిచేస్తుందో లేదో తెలియని ఛార్జరు వైపు వెళ్లేటప్పుడు జాగ్రత్తపరుడు ఏం చేస్తాడు? అది లేకపోయినా దాని తర్వాతి దాని దాకా వెళ్లగలిగేంత కరెంటు మిగుల్చుకుంటాడు. ఆ మిగులు ఎంత ఉండాలన్నది కారు నిర్ణయించదు, రెండు ఛార్జర్ల మధ్య దూరం నిర్ణయిస్తుంది.

ప్రతి 60 కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉన్న దారి తీసుకోండి. మన కారుకు 60 కిలోమీటర్లకు కావలసింది 10 యూనిట్లు. అడుగున భద్రతకు మరో 3. 80 శాతంతో, అంటే 48 యూనిట్లతో బయలుదేరితే 13 పక్కన పెట్టినా 35 యూనిట్లు వాడుకోవచ్చు. దాదాపు 220 కిలోమీటర్లు. దారిలో రెండు స్టేషన్లను పలకరించకుండా దాటేసి మూడో దాని దగ్గర ఆగవచ్చు. ఇప్పుడు అదే కారును ఛార్జర్లు 150 కిలోమీటర్లకు ఒకటి చొప్పున ఉన్న దారిలో పెట్టండి. తర్వాతి దాని దాకా 24 యూనిట్లు, అది పనిచేయకపోతే ఆపైదాని దాకా మరో 24, అడుగున 3. మొత్తం 51 యూనిట్లు ఉంటే కానీ కదలకూడదు, అంటే 85 శాతం. ప్రతి ఛార్జరు దగ్గరా ఆగాలి, ప్రతిసారీ 85 దాకా, అంటే ధార సన్నబడ్డాక కూడా, నింపుకోవాలి. బ్యాటరీలో సగం కరెంటు ఎప్పుడూ వాడకుండా మోసుకు తిరగాలి. 450 కిలోమీటర్ల కారు 150కే ఆగింది, కారణం బ్యాటరీ కానే కాదు.

ఈ మిగులు వదిలేసి తెగించేవారూ ఉంటారు. 3 శాతంతో చేరుకునే ఒంటరి ఛార్జరు మీద పెట్టుకునేది దింపుడు కళ్లం ఆశ. అది నెరవేరినప్పుడు సాహసగాథ, లేనప్పుడు లాగుడు బండి.

దీన్నిబట్టి చూస్తే పెద్ద బ్యాటరీ వేయడమన్నది, దారిలో లేని నమ్మకాన్ని ప్రతి కారులోనూ వందల కిలోల బరువుగా మోయించడమే. ఐరోపా సమాఖ్య 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధన ఇందుకే నాకు తెలివైనదిగా కనిపిస్తుంది. ప్రధాన రహదారుల మీద ప్రతి 60 కిలోమీటర్లకు, రెండు దిశల్లోనూ, 2025 చివరికి కనీసం 400 కిలోవాట్ల స్టేషన్ ఉండాలి, అందులో కనీసం ఒక గన్ను 150 కిలోవాట్లది కావాలి. 50 కిలోవాట్లు, ఆపై కొత్త ఛార్జర్లలో మామూలు బ్యాంకు కార్డుతో చెల్లించే వీలు కూడా ఉండాలి. పది కంపెనీలకు పది యాప్‌లు దింపుకుని, ప్రతిదానిలో కొంత సొమ్ము నింపి పెట్టుకోవడం ఎంత తలనొప్పో తెలిసినవారికి ఆఖరి వాక్యం విలువ తెలుస్తుంది. అమెరికా నిబంధన 2021 నాటి మౌలిక వసతుల చట్టం నిధులతో కట్టే స్టేషన్లకు 97 శాతం సమయం పనిచేసి తీరాలని షరతు పెట్టింది. సంఖ్యతో సరిపెట్టక పనితీరును అడగడం అందులోని మంచి.

మరి ఛార్జర్లు ఎందుకు పెట్టరు? పెట్టేవారి కష్టం వేరు. నాలుగు గన్నులు 150 కిలోవాట్ల చొప్పున అంటే 600 కిలోవాట్లు. దానికి సొంత ట్రాన్స్‌ఫార్మరు కావాలి, హైవే పక్కన ఖాళీ స్థలం దాకా పెద్ద లైను లాగాలి, చాలా దేశాల్లో వాడినా వాడకున్నా గరిష్ఠ లోడుకు నెలనెలా కట్టాలి. మామూలు రోజున ఆ గన్నులు ఖాళీగా ఉంటాయి, వరస సెలవులొస్తే చాంతాడంత క్యూ. కార్లు లేవని ఛార్జర్లు రావు, ఛార్జర్లు లేవని కార్లు రావు. అయితే ఇది కొత్త చిక్కేమీ కాదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన భర్త తయారుచేసిన కారులో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసింది. అప్పటికి పెట్రోలు బంకు అన్నదే లేదు. దారిలో వీస్లోఖ్ అనే ఊళ్లో మందుల దుకాణంలో, మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ ద్రావణాన్ని కొని ట్యాంకులో పోయించింది. మొట్టమొదటి దూర ప్రయాణికురాలు కూడా ఇంధనం ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటూనే వెళ్లింది.

తొందరపడితే ముందు చేరతామా?

నెమ్మదిగా నడిపితే రేంజి పెరుగుతుంది కాబట్టి విద్యుత్ కారును నెమ్మదిగానే నడపాలని ఒక వాదన. వేగ పరిమితి అనుమతించే రోడ్డు మీద 300 కిలోమీటర్లు అనుకుందాం. 100లో వెళితే 3 గంటలు, 48 యూనిట్లు. 120లో వెళితే రెండున్నర గంటలు, 58.5 యూనిట్లు. అరగంట కలిసొచ్చింది, పదిన్నర యూనిట్లు అదనంగా పోయాయి. ఆ పదిన్నరను నింపుకోవడానికి ఎంతసేపు పడుతుందన్నదే ప్రశ్న. సగటున 100 కిలోవాట్లు ఇచ్చే గన్ను దొరికితే 6 నిమిషాల పైచిలుకు, కాబట్టి తొందరపడినవారే ముందు చేరతారు. సగటున 20 కిలోవాట్లు ఇచ్చేదైతే 31 నిమిషాలు, కష్టపడి సంపాదించిన అరగంట గన్ను దగ్గరే ఖర్చైపోతుంది. వేగాన్ని నిర్ణయించాల్సింది యాక్సిలరేటరు మీది కాలు కాదు, ముందున్న ఛార్జరు. తర్వాతి గన్ను మీద నమ్మకం లేనప్పుడు నెమ్మదించడానికి కారణం వేరు, అప్పుడు లెక్క సమయానిది కాదు, చేరుకోవడానిది.

కొండదారి విషయంలో మాత్రం రేంజి చూపే మీటరును నమ్మవద్దు. మనుషులతో, సామానుతో కలిపి 2,000 కిలోల కారును 1,000 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలంటే, దూరానికి అయ్యేది కాక, కేవలం ఎత్తుకే 5.4 యూనిట్లు కావాలి. మోటారు నష్టాలతో 6 అనుకోండి. మైదానంలో 30 కిలోమీటర్లకు 5 యూనిట్లు తాగే కారు, అదే 30 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు మీద 11 తాగుతుంది. ఎత్తుకు పోయినదాంట్లో సగానికి పైగా దిగేటప్పుడు తిరిగొస్తుంది. అయితే బ్యాటరీలో చోటుంటేనే. కొండమీద బస చేసి, ఉదయానికి వంద శాతం నింపుకుని దిగడం మొదలుపెడితే వచ్చే కరెంటును పెట్టుకునే చోటు లేక, దాన్ని బ్రేకు పలకలే వేడిగా కరిగించేస్తాయి. పైన 85 దగ్గర ఆపుకుంటే దిగేటప్పుడు వచ్చే కరెంటుకు చోటుంటుంది.

బస అన్నాను కాబట్టి మ్యాపులో ఎవరూ సరిగా గుర్తించని ఛార్జర్ల గురించి ఒక మాట. రాత్రి 10 గంటలకు 7 కిలోవాట్ల మామూలు ఏసీ ప్లగ్గుకు తగిలిస్తే ఉదయం 6కు 56 యూనిట్లు చేరతాయి, నష్టాలు తీసేసినా 10 శాతంతో వచ్చిన మన కారు దాదాపు నిండుతుంది. క్యూ లేదు, వేడి లేదు, నిలబడి ఎదురుచూడటం లేదు. మర్నాటి మొదటి అంచె మళ్లీ పొడవాటి అంచె అవుతుంది. గది బుక్ చేసేటప్పుడు ప్లగ్గు ఉందా అని అడిగితే ఉందనే చెబుతారు. అడగాల్సినవి ఇంకో రెండున్నాయి: అది నిన్న రాత్రి ఎవరైనా వాడారా, దాని ముందు చోటు మన కోసం ఖాళీగా ఉంచుతారా అని.